సామవై కానుకకు 614 అన్నా 966 అన్నా పండితులే, మౌర్యులకు క్రీ.పూ. 1534 అంటే మాత్రం మూఢులా?

శేషాద్రి నీడ (తిరుపతి)

తిరుమలలో రోజూ ఏకాంతసేవ అందుకునే భోగ శ్రీనివాసమూర్తి వెండి విగ్రహం పల్లవ రాణి సామవై సమర్పించినది. ఎప్పుడు సమర్పించింది? కొన్ని పుస్తకాల్లో క్రీ.శ. 614 అని ఉంటుంది. మరికొన్నింటిలో 966. రెండూ చదువుకున్నవారు రాసినవే. శాసనం ఎక్కడో పోలేదు, గుడి గోడ మీదే ఉంది. ఆ ఒక్క శాసనం చుట్టూ 352 ఏళ్లు అటూ ఇటూ ఊగుతున్నాయి. ఎవరూ ఎవరినీ వెక్కిరించరు. దీన్ని పండితుల అభిప్రాయభేదం అంటారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 1793లో బ్రిటిషు పండితుడు విలియం జోన్స్ కలకత్తాలో ప్రసంగిస్తూ, అలెగ్జాండరు నాటివాడని గ్రీకులు చెప్పిన సాండ్రకొట్టస్ మన చంద్రగుప్త మౌర్యుడేనన్నాడు. ఆ ఒక్క మేకుకే ప్రాచీన భారత చరిత్రనంతా తగిలించారు. గుప్త వంశంలోనూ ఒక చంద్రగుప్తుడున్నాడు, ఆయనకూ పాటలీపుత్రమే రాజధాని. మెగస్తనీసు రాతల్లో మనకు మిగిలిన ముక్కల్లో చాణక్యుడి ఊసే లేదు. పురాణ కాలగణన పక్షపు రచయిత కోట వెంకటాచలం గారు పురాణాల్లోని వంశావళులను కలియుగాది క్రీ.పూ. 3102తో ముడివేసి లెక్క కట్టారు. ఆ లెక్కలో అలెగ్జాండరు నాటివాడు గుప్త చంద్రగుప్తుడు, క్రీ.పూ. 327. మౌర్యుడు క్రీ.పూ. 1534. బుద్ధుడి జననం క్రీ.పూ. 1887. మన ఆంధ్ర శాతవాహనులు క్రీ.పూ. 833 నుంచి 327 వరకు.

ఈ మాట నలుగురిలో అంటే నవ్వుతారు. నా ప్రశ్న ఒక్కటే. 352 ఏళ్ల తేడా పండితభేదమైతే, 1200 ఏళ్ల తేడా మూఢత్వం ఎలా అయింది? ఏ అంకె దగ్గర మొదటిది ముగిసి రెండోది మొదలవుతుంది?

మామిడిమండి (చిత్తూరు)

352 ఏళ్లకు వడ్డీ ఎవరు కడతారండీ?

ఏకాంతసేవ

"రోజూ" అని రాశారు. సరికాదు. ధనుర్మాసంలో ఏకాంతసేవ శ్రీకృష్ణుడి విగ్రహానికి జరుగుతుంది. దయచేసి సరిదిద్దండి.

రాతిరాత (చంద్రగిరి)

శేషాద్రి నీడ గారూ, నేను శాసనాలకు నకళ్లు తీసిన మనిషిని, ఇప్పుడు పదవీ విరమణ చేశాను. మీ ప్రశ్న బాగుంది. కానీ రెండు వేరువేరు సంగతులను ఒకే తక్కెడలో వేశారు.

సామవై శాసనం తమిళం. అందులో శక సంవత్సరం లేదు, కలి సంవత్సరం లేదు. ఒక రాజు ఏలుబడిలో 14వ ఏడు అని మాత్రమే ఉంది. ఆ రాజు ఎవరో తేల్చితే తప్ప తేదీ రాదు. ఆయన్ను 7వ శతాబ్దపు పల్లవ మహేంద్రవర్మ అనుకున్నవారికి 614 వచ్చింది. పేరును వేరుగా చదివి, అక్షరాల తీరు చూసి, 10వ శతాబ్దపు పాలకుడనుకున్నవారికి 966 వచ్చింది. అంటే ఆ శాసనానికి తనదంటూ తేదీ లేదు. అందుకే ఊగుతోంది. తేదీ ఉన్న శాసనాలు అలా ఊగవు. తిరుమల, తిరుపతి గుళ్లలో కలిపి వెయ్యికి పైగా శాసనాలున్నాయి, వాటిలో విజయనగర కాలానివి శకం, సంవత్సరం పేరు, మాసం, తిథి, వారం, నక్షత్రం దాకా చెబుతాయి. వాటిలో 352 ఏళ్ల తేడా ఉన్నది ఒక్కటి చూపించండి.

శేషాద్రి నీడ

నేను మౌర్యుల గురించి అడిగాను. మీరు విజయనగరం గురించి చెప్పారు. అశోకుడి శాసనాల్లో శకం ఉందా? లేదు. పట్టాభిషేకం అయిన ఇన్నేళ్లకు అని ఉంటుంది, అంతే. మీ మాటల ప్రకారమే అవి సామవై శాసనం బాపతు. మరి అవి ఎందుకు ఊగకూడదు?

కాణిపాకం రోడ్డు (చిత్తూరు)

ఎందుకు ఊగవో నేను చెబుతాను. డిగ్రీ కళాశాలలో చరిత్ర చెబుతాను, ఈ ప్రశ్న ప్రతి ఏడూ ఒకరిద్దరు పిల్లలు అడుగుతారు.

అశోకుడి 13వ శిలాశాసనంలో ఐదుగురు పరదేశ రాజుల పేర్లున్నాయి. అంతియోక, తురమాయ, అంతికిని, మక, అలికసుందర. సిరియా ఏలిన రెండో ఆంటియోకస్, ఈజిప్టు ఏలిన రెండో టాలెమీ, మాసిడోనియా ఆంటిగొనస్, సైరీన్ మగస్, ఒక అలెగ్జాండరు. ఆంటియోకస్ ఏలుబడి క్రీ.పూ. 261 నుంచి 246 వరకు. మిగతావారూ ఆ చుట్టుపక్కలవారే. ఒక పేరు మరో పేరులా వినిపించడం కాకతాళీయం కావచ్చు. ఒకే వాక్యంలో ఐదు పేర్లు, ఐదుగురూ సమకాలికులు. ఇది జోన్స్‌కు తెలియదు, ఎందుకంటే బ్రాహ్మీ లిపిని ప్రిన్సెప్ చదివింది 1837లో. అంటే జోన్స్ ఊహకు 40 ఏళ్ల తర్వాత, ఆయనతో సంబంధం లేని రాయి సాక్ష్యం చెప్పింది. మీరన్నట్టు ఒక్క మేకు కాదు.

శేషాద్రి నీడ

యవనులు మహాభారతంలోనూ ఉన్నారు అమ్మా. మన వాయవ్య సరిహద్దులో యవన రాజ్యాలు అలెగ్జాండరుకు ముందు నుంచే ఉన్నాయని పురాణ కాలగణన పక్షంవారు ఏనాడో జవాబు చెప్పారు. పేర్ల పోలికే ప్రమాణమైతే మా వైపూ ఉంది. గ్రీకులు చెప్పిన క్సాండ్రమెస్, సాండ్రకొట్టస్, సాండ్రకిప్టస్ ముగ్గురినీ వరుసగా చంద్రశ్రీ, చంద్రగుప్తుడు, సముద్రగుప్తుడు అని చూపించారు. మీవి ఐదు పేర్లు, మావి మూడు. మీ ఐదు శాస్త్రం, మా మూడు హాస్యం.

కాణిపాకం రోడ్డు

1958లో కాందహార్‌లో దొరికిన అశోకుడి శాసనం ఒక బండ మీద గ్రీకులోనూ అరమాయిక్‌లోనూ ఉంది. అందులో ప్రియదర్శి పేరు గ్రీకు అక్షరాల్లో ఉంది. అశోకుడు మీ లెక్కలో క్రీ.పూ. 15వ శతాబ్దంవాడు. అప్పటికి గ్రీకు అక్షరమాలే పుట్టలేదు. ఆ బండను ఎక్కడ పెడతారు?

శాతవాహనుల సంగతీ చెప్పాలి. భూగోళం రాసిన టాలెమీ క్రీ.శ. 2వ శతాబ్దంవాడు. పైఠన్‌లో పులుమావి ఏలుతున్నాడని, ఉజ్జయినిలో చష్టనుడని రాశాడు. మీ లెక్కలో అప్పటికి శాతవాహన వంశం అంతరించి 400 ఏళ్లు దాటింది. పైఠన్‌లో ఎవరు ఏలుతున్నట్టు?

రాత్రి షిఫ్టు (రేణిగుంట)

మీరంతా మన దేశం గురించే కొట్టుకుంటున్నారు. సమస్య ప్రపంచమంతటిదీ. అలెగ్జాండరు తేదీ, ఆంటియోకస్ తేదీ మాత్రం ఎవరు వేశారు? 16వ శతాబ్దంలో స్కాలిజర్ అనే పండితుడు కూర్చిన కాలపట్టికనే అందరూ దిద్దుకుంటూ వాడుతున్నారు. న్యూటన్ కూడా ప్రాచీన రాజ్యాల కాలాన్ని తగ్గించి రాశాడు, ఆయన చనిపోయాక 1728లో అచ్చయింది. మాస్కో విశ్వవిద్యాలయ గణిత శాస్త్రవేత్త ఫొమెంకో ప్రకారం ప్రాచీన చరిత్రలో చాలా భాగం మధ్యయుగ సంఘటనలకే నకలు. జర్మనీలో హెరిబర్ట్ ఇల్లిగ్ ఇంకో మాట అన్నాడు. క్రీ.శ. 614 నుంచి 911 వరకు గడిచిన కాలం అసలు లేదట, క్యాలెండరులో ఇరికించారట. గమనించారా, 614! మన సామవై ఏడాదే!

మామిడిమండి

అయితే రాణి గారు విగ్రహం సమర్పించి, మర్నాడు లేచేసరికి 911 వచ్చేసిందా?

ఏకాంతసేవ

భోగ శ్రీనివాసమూర్తి గురించి హాస్యాలు వద్దు. ధనుర్మాసం సంగతి ఇంకా సరిదిద్దలేదు.

స్వర్ణముఖి (ఏర్పేడు)

ఒకాయన చరిత్రకు 1200 ఏళ్లు కలుపుతున్నాడు, ఇంకొకాయన వెయ్యేళ్లు కోస్తున్నాడు. ఇద్దరూ చెప్పే కారణం ఒక్కటే, "అధికారికంగా చెప్పినది నమ్మకండి" అని. ముందు మీరిద్దరూ తేల్చుకుని రండి.

రాతిరాత

రాత్రి షిఫ్టు గారికి ఇంటి పక్క ఉదాహరణే చెబుతాను. తాళ్లపాక రాగిరేకుల్లో మొదటి రేకు మీద శక వర్షాలు 1346, క్రోధి సంవత్సరమని ఉంది. అన్నమాచార్యులు పుట్టిన పదహారేళ్లకు స్వామి ప్రత్యక్షమైన ఏడు అది. శకానికి 78 కలిపితే క్రీ.శ. 1424. మొన్న 2024 ఉగాదికి మనకు వచ్చినదీ క్రోధే. మధ్యలో సరిగ్గా 600 ఏళ్లు, అంటే పది ఆవృత్తులు. ఎక్కడా ఏడాది తేడా లేదు. నడుమ ఎవరైనా కొన్ని శతాబ్దాలు ఇరికించి ఉంటే సంవత్సరం పేరు తప్పేది.

రాత్రి షిఫ్టు

తప్పదు సార్. 60 ఏళ్ల చక్రం కదా. 60 కలిపినా, 120 కలిపినా, 300 కలిపినా మళ్లీ క్రోధే వస్తుంది. ఇరికించేవాడికి ఆ మాత్రం తెలివి ఉండదా?

శేషాద్రి నీడ

ఇక్కడ నేను రాతిరాత గారి పక్షం. నవ్వకండి.

బాబూ, సంవత్సరం పేరు ఒక్కటే అయితే నువ్వు చెప్పింది నిజం. మా నాన్నగారు సిద్ధాంతి. పంచాంగం ఎలా కడతారో చూస్తూ పెరిగాను. శాసనంలో శకం, సంవత్సరం, మాసం, తిథి, వారం కలిసి వస్తాయి. వారం ఏడింటికి తిరుగుతుంది. తిథి చంద్రుడిని బట్టి వస్తుంది. 60 సౌర సంవత్సరాలు వెనక్కి జరిపితే అదే మాసంలో అదే తిథికి అదే వారం పడదు. నీకు కావలసిన చోట పడేలా జరిపినా, దాని పక్క శాసనంలో తప్పుతుంది. పైగా గ్రహణం చెప్పిన శాసనాలున్నాయి. సూర్యగ్రహణం రోజున దానం చేశామని రాసి, ఆ రోజున గ్రహణం లేకపోతే పట్టుబడిపోతాడు. దక్షిణదేశంలో ఇలాంటి శాసనాలు వందలు. వాటన్నిటినీ ఒకే అంకెతో జరిపి సరిపెట్టడం ఎవరివల్లా కాదు.

కాణిపాకం రోడ్డు

ఇల్లిగ్ గారి లేని శతాబ్దాల్లోనే హ్యూయాన్‌త్సాంగ్ మన దేశం వచ్చి వెళ్లాడు, 629 నుంచి 645 వరకు. చైనావారి లెక్క జర్మనీ క్యాలెండరు చూసి రాసినది కాదు. ఇంకొకటి. 2012లో జపాన్ పరిశోధకులు తమ దేశపు పాత చెట్ల వలయాల్లో 774-775 నాటి పొరలో రేడియోకార్బన్ ఒక్కసారిగా పెరిగినట్టు గుర్తించారు. తర్వాత ఇతర ఖండాల చెట్లలోనూ అదే పొరలో అదే పెరుగుదల కనబడింది. లేని ఏళ్లకు చెట్లు వలయాలు వేయవు.

రాత్రి షిఫ్టు

సరే, చెట్ల సంగతి చదివి వస్తాను. ఫొమెంకో మాట మాత్రం ఇంకా తేలలేదు.

(ఆయన తిరిగి రాలేదు. చెట్లు చాలా ఉన్నట్టున్నాయి. - మామిడిమండి)

రాతిరాత

శేషాద్రి నీడ గారూ, పంచాంగ లెక్క చక్కగా చెప్పారు. శాలివాహన శకానికి 78 కలపాలని మీరూ ఒప్పుకున్నట్టే కదా. ఇప్పుడు కర్ణాటకలోని ఐహొళెకు రండి. రెండో పులకేశి కాలంలో రవికీర్తి వేయించిన శాసనంలో రెండు లెక్కలూ పక్కపక్కనే ఉన్నాయి. భారత యుద్ధం తర్వాత కలిలో 3735 ఏళ్లు, శక రాజుల కాలంలో 556 ఏళ్లు. కలి 3735 అంటే క్రీ.శ. 634. శకం 556కు 78 కలిపితే 634. రెండూ ఒకదానికొకటి అతుకుతున్నాయి. హ్యూయాన్‌త్సాంగ్ ఆ పులకేశి గురించే రాశాడు.

పురాణ కాలగణన పక్షంవారు ఇంకో శకం ఉందంటారు, క్రీ.పూ. 550లో మొదలైందని. వరాహమిహిరుడు చెప్పిన శకం 427 అదేనంటూ ఆయన్ను క్రీ.పూ. 123కు తీసుకెళతారు. ఐహొళెలో శకం 556ను ఆ లెక్కన చూస్తే క్రీ.శ. 7 దగ్గర పడుతుంది. పక్కనే ఉన్న కలి లెక్కతో 600 ఏళ్లకు పైగా తేడా. కలి లెక్క మీకు ప్రమాణం కదా, చెప్పండి.

శేషాద్రి నీడ

శకాలు రెండున్నాయన్నప్పుడు ఐహొళెలోనిది శాలివాహన శకం అవుతుంది. వరాహమిహిరుడు చెప్పినది మొదటిది. అందులో వైరుధ్యం ఏమిటి?

రాతిరాత

ఏది ఏ శకమో ఎవరు తేలుస్తారు? కావలసిన తేదీ వచ్చేదాన్ని ఎంచుకోవడమేనా?

శేషాద్రి నీడ

ఏ రాజో తేలకుండా 614 అని, 966 అని ఎంచుకున్నది ఎవరు?

రాతిరాత

మళ్లీ అక్కడికే వచ్చారు. సరే, పురాణాల్లోకే వెళదాం. పరీక్షిత్తు పుట్టుక నుంచి నందుడి పట్టాభిషేకం దాకా ఎన్నేళ్లు? భాగవతంలో 1115. విష్ణు పురాణంలో 1015. మత్స్యంలో 1050. కొన్ని ప్రతుల్లో 1500 అని పాఠం. యుద్ధం క్రీ.పూ. 3138 అనుకుని, 1500 పాఠం పట్టుకుని, నందులకు నూరేళ్లు ఇస్తేనే మౌర్యులు క్రీ.పూ. 1534 దగ్గరికి వస్తారు. భాగవత పాఠం పట్టుకుంటే సుమారు క్రీ.పూ. 1920 అవుతుంది. అంటే 1534 అనేది పురాణాలు ఏకకంఠంతో చెప్పిన అంకె కాదు, నాలుగు పాఠాల్లో ఒకటి ఎంచుకుంటే వచ్చిన అంకె. అది ఎంచుకున్నదీ మనుషులే. తెల్లవాళ్లు ఎంచుకుంటే కుట్ర, మనవాళ్లు ఎంచుకుంటే శాస్త్రమా?

శేషాద్రి నీడ

మీ మాటతీరు మారింది. ఇది నాకు కొత్త కాదు.

మా నాన్నగారు ముప్పై ఏళ్లకు పైగా ఈ లెక్కల మీదే కూర్చున్నారు. ఒక విశ్వవిద్యాలయ సదస్సుకు రమ్మని కబురొస్తే కొత్త ఉత్తరీయం కొనుక్కుని వెళ్లారు. ఆయనకు ఇచ్చిన సమయంలో సగం కాకముందే గంట కొట్టారు. వెనుక వరసలో నవ్వులు. ప్రశ్నలు అడిగి ఓడించి ఉంటే ఆయన సంతోషించేవారు, వాదం అంటే ఆయనకు అంత ఇష్టం. ఒక్కరూ ప్రశ్న అడగలేదు. అధ్యక్షుడు "పెద్దవారి శ్రద్ధ మెచ్చుకోదగినది" అని చెప్పి భోజనానికి లేచాడు. తిరిగివచ్చాక నాన్నగారు ఆ నోటు పుస్తకాలు తెరవలేదు. అటక మీద ఉన్నాయి. పరీక్షిత్తు నుంచి నందుడి దాకా పాఠభేదాలు ఆయనకు తెలియవనుకున్నారా? ఏ ప్రతిలో ఏముందో, ఏది ఎందుకు తీసుకున్నారో పుటలు పుటలుగా రాశారు. చదివిన చరిత్రకారుడు ఒక్కడూ లేడు.

కాబట్టి "మీవాళ్లు ఎంచుకున్నారు" అని నాకు చెప్పకండి. మీవాళ్లు కనీసం చూడలేదు.

రాతిరాత

మీ నాన్నగారికి జరిగినది మర్యాద కాదు. కానీ "మీవాళ్లు" అన్నారు చూడండి, ఆ మాట దగ్గర నాకు మండుతుంది.

మావాళ్లు ఎవరు? దక్షిణదేశ శాసనాలను చదివి అచ్చు వేయించిన వెంకయ్య ఎవరు? కృష్ణశాస్త్రి ఎవరు? తిరుమల శాసనాలను పరిష్కరించిన సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి ఎవరు? సంస్కృతం, తమిళం, కన్నడం నీళ్లు తాగినంత సులువుగా చదివిన పండితులు. పంచాంగం తేదీలను ఇంగ్లీషు తేదీల్లోకి మార్చే పట్టికలు సంపుటాలకు సంపుటాలు లెక్క కట్టిన స్వామికన్ను పిళ్లై లండన్‌వాడా? మదరాసు రాష్ట్రంవాడు. ఇప్పటికీ ఏ శాసనం తేదీ చూడాలన్నా ఆ పట్టికలు తెరుస్తారు. వీరందరి పనినీ "తెల్లవాళ్లు రాసిన చరిత్ర" అని ఒక్క మాటతో తుడిచేస్తున్నారు.

మండువేసవిలో బండ ఎక్కి, పీచు బ్రష్షుతో రాతిని కడిగి, తడి కాగితం పరిచి, అక్షరాల గుంటల్లోకి దిగేదాకా కొట్టి, సిరా అద్ది, చిరగకుండా ఒలిచి తెచ్చేవాళ్లం. ఇదే ప్రాంతంలో ఒక ఊరి గుడిలో తమిళ శాసనం చూసి, మళ్లీ వస్తామని చెప్పి వచ్చాను. తిరిగి వెళ్లేసరికి జీర్ణోద్ధరణ జరిగింది. గోడంతా సిమెంటు పూసి, పైన రంగు వేశారు. చందాలు ఇచ్చినవారి పేర్లు నల్లరాయి పలక మీద చెక్కించారు. అడిగితే, "పాత గీతలు, ఎవరికీ అర్థం కావు, పోనివ్వండి" అన్నారు. మన చరిత్రను దాచిపెట్టింది విలియం జోన్సా?

స్వర్ణముఖి

మా గుడిమల్లం మాట చెబుతాను, కాస్త చల్లబడండి. పరశురామేశ్వర లింగాన్ని 20వ శతాబ్దం మొదట్లో గోపీనాథరావు లోకానికి తెలియజేశాడు. 1973లో ఐ.కె. శర్మ తవ్వకం చేసి, అడుగున అర్ధవృత్తాకారపు ఇటుక కట్టడం చూపించాడు. క్రీ.పూ. 2వ శతాబ్దం అనేవారున్నారు, క్రీస్తు తర్వాతి శతాబ్దాలు అనేవారున్నారు, ఇంకా కిందికి దించేవారూ ఉన్నారు. మా ఊరి పక్కవాళ్లకు ఏ తేదీ చెప్పినా ఒకటే, సోమవారం వెళ్లి దండం పెట్టుకుంటారు. లింగానికి వయసు తగ్గితే మహిమ తగ్గుతుందా? ఎంత పాతదైతే అంత గొప్పదనే పంతం ఎందుకు శేషాద్రి నీడ గారూ?

మరో సభ్యుడు

[ఈ సమాధానం తొలగించబడింది.]

నిర్వాహకులు

ఒకరి తండ్రిగారి గురించి రాసిన వ్యాఖ్యను తీసేశాము. కులం పేరు ఎత్తిన మరొకదాన్నీ తీసేశాము. తేదీల గురించి ఎంతైనా కొట్లాడండి, ఇళ్ల మీదికి వెళ్లకండి.

శేషాద్రి నీడ

స్వర్ణముఖి గారూ, నాది ఆ పంతం కాదు. బుద్ధుడు క్రీ.పూ. 1887వాడైతే నాకు వచ్చేదేమీ లేదు.

మా ఇంట్లో పొద్దున్నే సంకల్పం చెబుతాము. శ్వేతవరాహకల్పే, వైవస్వత మన్వంతరే, కలియుగే, ప్రథమపాదే అంటూ ఇవాళ్టి తిథి దాకా వస్తాము. కాలంలో నేను ఎక్కడ నిలబడ్డానో నాకు నేనే చెప్పుకునే మాట అది. మనవడు పోయిన నెల అడిగాడు, "తాతా, ఇదంతా కట్టుకథ అని బడిలో చెప్పారు, మీరు రోజూ అబద్ధం చెబుతున్నారా?" అని. నాకు కావలసినది ఆ ప్రశ్నకు జవాబు. క్రీస్తు పుట్టుక నుంచి ముందుకూ వెనక్కూ కొలిస్తే అది చరిత్ర. కలి నుంచి కొలిస్తే కట్టుకథ. ఈ తీర్పు చెప్పే అధికారం ఎవరిచ్చారు?

కాణిపాకం రోడ్డు

ఇది ముందే అడిగి ఉంటే ఇంత దూరం వచ్చేవాళ్లం కాదు.

కలి నుంచి కొలవడం కట్టుకథ కాదు. అది ఒక గణన. కలిలో 3600 ఏళ్లు గడిచేనాటికి తనకు 23 ఏళ్లని ఆర్యభటుడు చెప్పుకున్నాడు, దాన్నిబట్టే ఆయన క్రీ.శ. 499లో ఉన్నాడని మేము పాఠం చెబుతాము. రవికీర్తీ వాడాడు. ఏ చరిత్రకారుడూ ఆ కొలబద్దను విరగ్గొట్టలేదు, మేమూ దాన్ని వాడుకుంటున్నాము. ఆ కొలబద్ద మీద ఏ రాజును ఏ గీత దగ్గర నిలబెట్టాలన్నదే వివాదం. మీ మనవడికి అలా చెప్పిన ఉపాధ్యాయుడు తొందరపడ్డాడు.

అయితే నా కష్టమూ వినండి. పరీక్షలో చంద్రగుప్త మౌర్యుడి కాలం రాయమంటే ఒక పిల్లవాడు "క్రీ.పూ. 1534, మిగతాది ఆంగ్లేయుల కుట్ర" అని రాశాడు. సున్నా వేశాను. వాళ్ల నాన్న కళాశాలకు వచ్చి, నేను ధర్మద్రోహినని ప్రిన్సిపాల్ ముందే అన్నాడు. నేను ప్రతి శుక్రవారం తిరుచానూరు వెళ్లే మనిషిని.

శేషాద్రి నీడ

సున్నా ఎందుకు వేశారు? అక్కడే మీకూ నాకూ తేడా. ఆ పిల్లవాడు ఒక పక్షం వాదం రాశాడు. అది తప్పని మీరు అనుకోవచ్చు. సగం మార్కులైనా ఇవ్వాల్సింది.

కాణిపాకం రోడ్డు

వాదం రాయలేదు, అంకె రాశాడు. ఐదుగురు గ్రీకు రాజుల పేర్లకు పురాణ పక్షం ఇచ్చే జవాబు ఇదీ అని రాసి ఉంటే, ఆ జవాబు నాకు నచ్చకపోయినా, మార్కులు వేసేదాన్ని. "కుట్ర" అని రాస్తే దేనికి వేయాలి?

శేషాద్రి నీడ

రెండు మార్కుల ప్రశ్నకు ఐదుగురు రాజులను ఎక్కడ ఇరికిస్తాడు? నాన్నగారికి గంట కొట్టారు, ఈ పిల్లవాడికి గీత కొట్టారు. రెండింటి వెనుకా ఉన్నది ఒకటే.

కాణిపాకం రోడ్డు

రెండూ ఒకటి కాదు. మీ నాన్నగారు ప్రతులు చూసి రాశారు. వీడు ఫోనులో వీడియో చూసి రాశాడు. ఇద్దరినీ ఒక గాట కట్టి మీరే మీ నాన్నగారిని తక్కువ చేస్తున్నారు.

మామిడిమండి

అమ్మగారు గట్టిగానే ఇచ్చారు.

రాతిరాత

నోటు పుస్తకాలు అటక మీద నుంచి దించండి. అన్నీ అక్కరలేదు. 1500 పాఠాన్ని ఏ ప్రతుల్లో చూశారో, 1115ను ఎందుకు వదిలారో రాసిన పుటలు మాత్రం ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. నేను చదువుతాను. గంట కొట్టను.

శేషాద్రి నీడ

పెడతాను. చదివాక 1534 ఒప్పుకుంటారా?

రాతిరాత

ఒప్పుకోను. కాందహార్ బండను మీరు ఇంకా తాకలేదు. కానీ పాఠభేదాల మీద మీ నాన్నగారు చేసిన పనికి విలువ ఉంటే, అది 1534తో సంబంధం లేకుండానే ఉంటుంది.

శేషాద్రి నీడ

ఆ మాట మీరనకూడదు. ఆయన పని అంతా 1534 కోసమే.

చెరువు కట్ట (పుత్తూరు)

మధ్యలో వచ్చాను, క్షమించాలి. మా ఊరి చెరువు తూము దగ్గర అక్షరాలున్న రాయి ఒకటుంది, బట్టలు ఉతుకుతున్నారు. తెలుగు కాదు. ఎవరైనా చదివి పెడతారా?

రాతిరాత

ఏ ఊరు? సుద్ద, పిండి, సున్నం ఏదీ రుద్దవద్దు. నీళ్లు పోసి మట్టి కడగండి. పొద్దున ఎండ ఏటవాలుగా పడేటప్పుడు నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీయండి. పక్కన ఒక స్కేలు పెట్టండి. ఈలోపు బట్టలకు ఇంకో రాయి చూసుకోమనండి.